ఎనిమిది మంది బల్ల

ఫిబ్రవరి 3

తమ్ముడూ,

నేను కులాసా. నువ్వూ కులాసా అనే అనుకుని మొదలుపెడుతున్నాను. కాకపోతే వెంటనే రాయి, మళ్ళీ మొదటి నుంచి రాస్తాను.

నిన్న గుండె డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చాను. ఉప్పు ఎప్పటిలాగే నిషేధం. నీళ్ళు రోజుకొక సీసా, అదీ గుటక గుటకా చూసుకుంటూ తాగాలి. మెట్లెక్కకూడదు, బరువులెత్తకూడదు. "మరి చెయ్యదగ్గదేమైనా మిగిలిందా డాక్టరు గారూ?" అని అడిగాను. నా గొంతు సంగతి నీకు తెలుసుగా, బయట బెంచీల మీద ఉన్నవాళ్ళంతా తలుపు వైపు చూశారట, నర్సు తర్వాత చెప్పింది. ఆయన కాగితం మీద రాసి చూపించాడు: నెమ్మదిగా ఎక్కడికైనా వెళ్ళి రండి, గాలి మార్పు మంచిది.

ఒరేయ్, ముప్ఫై ఏళ్ళు స్టేషన్లో మైకు ముందు కూర్చున్నాను. ఏ రైలు ఏ ప్లాట్‌ఫారం మీదికొస్తుందో, ఎంత ఆలస్యమో ఊరందరికీ చెప్పాను. ఎక్కేవాళ్ళని ఎక్కించాను, దిగేవాళ్ళని దింపాను. నేను మాత్రం ఆ గది కిటికీలోంచి చివరి పెట్టె ఎర్రదీపం చూడటం తప్ప ఎక్కడికి పోయాను? మీ బావగారికి ప్రయాణమంటే ముందు రోజు నుంచే కడుపులో తిప్పేది. ఇప్పుడు ఆయన లేరు, నా మోకాళ్ళూ లేవు.

అందుకని ఓడ. నవ్వకు. ఇల్లు ఇల్లంతా కదులుతుంటే మనం నడవక్కర్లేదు కదా! పొద్దున్నే లేచి కర్టెను జరిపితే ఊరు మారిపోయి ఉంటుంది. లిఫ్టుంది, డాక్టరున్నాడు, వంటవాళ్ళు బోలెడుమంది. మే నెలలో, వారం రోజులు. ట్రావెల్ ఏజెంటుని కలిశాను. బట్టతలాయన, మంచివాడు, నా వైపు తిరిగి పెదాలు బాగా కదిలిస్తూ మాట్లాడతాడు.

ఒక్కటే చిక్కు. చెవులు వినపడనివాళ్ళని ఒంటరిగా ఎక్కించుకోరట. ప్రమాద గంట మోగితే నాకు తెలియదు కదా, అందుకని గదిలో తోడెవరైనా ఉండి తీరాలట. నాకు తోడంటే నువ్వే. నువ్వొస్తే వెళ్తాను, లేకపోతే లేదు. అంతే సంగతి.

ఫోన్ చెయ్యకు. ఫోన్లో నీ మాట నాకు వినపడదు, నా మాట మీ వీధంతా వింటుంది. ఉత్తరం రాయి.

నీ అక్క

తా.క. నీకు చక్కెర జబ్బుందని ఏజెంటుకి చెప్పేశాను. "ఒకరికి ఉప్పొద్దు, ఒకరికి తీపొద్దు, ఇంక వంటవాడు ఏం చెయ్యాలండీ?" అన్నాడు. "పులుపు చెయ్యమనండి" అన్నాను.

*

ఫిబ్రవరి 14

అక్కా,

నీ ఉత్తరం అందింది. ఇది టైపులో ఉందని కంగారుపడకు. కళ్ళజోడు మార్చాలన్నారు, ఇంకా మార్చలేదు. మా వీధి చివర టైపింగ్ షాపు ఉంది. నేను చెబుతుంటే షాపావిడ కొడుతోంది. అంత గట్టిగా చెప్పక్కర్లేదండీ అని ఇప్పుడే అన్నది. మా ఇంటి రక్తమే అంత అని చెప్పాను.

నువ్వు పంపిన ఓడ బొమ్మ చూశాను. ఓడ పక్క గోడ మీద దాని పేరు ఎంత పెద్ద అక్షరాలతో రాశారో చూశావా? ఒక్కో అక్షరం మన పాతింటి గోడంత ఉంటుంది. అది రాసినవాడు తాళ్ళకి వేలాడుతూ రాసుంటాడు. కింద నీళ్ళు, చేతిలో బ్రష్షు. ఇన్నేళ్ళు బోర్డులు రాసినా నాకు అలాంటి పని ఎప్పుడూ దొరకలేదు. బ్యాంకులూ, బేకరీలూ, పళ్ళ డాక్టర్లూ, ఇంతే నా గీత. ఆ అక్షరాలు దగ్గరగా చూడాలని మాత్రం ఉంది.

రావడానికి నాకేం అభ్యంతరం లేదు. నీ మాట ఎప్పుడు కాదన్నాను గనక? తిండి సంగతే కాస్త ఆలోచించాలి. నాది వేళకి తినే ఒళ్ళు. మందుకీ తిండికీ మధ్య ఇంత సేపని ఉంటుంది. ఓడలో భోజనం గదికి తెచ్చిస్తారేమో కనుక్కో. ఇద్దరం కిటికీ దగ్గర కూర్చుని ప్రశాంతంగా తినొచ్చు. నీకూ కాళ్ళ నొప్పి, ఊరికే హాలు దాకా నడవడం దేనికి?

చలి తగ్గిందా? చెవి మిషను బాగుచేయించుకున్నావా, ఇంకా ఈల వేస్తోందా?

నీ తమ్ముడు

*

ఫిబ్రవరి 22

తమ్ముడూ,

చెవి మిషను ఈల వేస్తూనే ఉందట. నాకు వినపడదు, పక్కింటి టీచరమ్మ కుక్కకి వినపడుతుంది. నేను వరండాలోకి వస్తే చాలు, అది మొరుగుతుంది. మొరుగుతోందని నోరు చూసి తెలుసుకుంటాను.

నీ ఉత్తరం చదివి సగం సంతోషించాను. మిగతా సగం ఎందుకు సంతోషించలేదో చెబుతాను, ఏమనుకోకు. కవరు విప్పగానే కరెంటు ఆఫీసు నుంచి నోటీసొచ్చిందనుకున్నాను. ఊళ్ళో సగం దుకాణాల మొహాన నీ అక్షరాలే ఉండేవి. సొంత అక్కకి మాత్రం అచ్చు కాగితమా? కళ్ళజోడు లేకపోతే పెద్ద అక్షరాలు రాయి. వంకరగా ఉంటే నేనేమైనా మార్కులు తీసేస్తానా? సరేలే, కళ్ళజోడు త్వరగా చేయించుకో.

ఇప్పుడు అసలు కబురు. ఏజెంటు దగ్గర మళ్ళీ కూర్చున్నాను. ఓడలో పెద్ద భోజనాల హాలు ఉంది. గుండ్రటి బల్లలు, ఒక్కోదానికి ఎనిమిది మంది. ఎవరో ఏమిటో తెలియని ఎనిమిది మందిని ఒక బల్లకి కూర్చోబెడతారట. వారం రోజులూ వాళ్ళతోనే భోజనం. నా కళ్ళు మెరిశాయని ఏజెంటు అన్నాడు. మెరవవూ మరి? మీ బావగారు పోయినప్పటి నుంచీ నేను క్యాలెండరుకి ఎదురుగా కూర్చుని తింటున్నాను. నెలకొకసారి కాగితం చింపితే అదే నాకు కొత్త మొహం. గుండ్రటి బల్లయితే అందరి పెదాలూ కనిపిస్తాయి. ఎవరేమంటున్నారో చదువుకోవచ్చు. బారు బల్లయితే పక్కవాళ్ళ చెవులే కనిపిస్తాయి, చెవులతో నాకేం పని?

నాకు ఉప్పు వెయ్యకుండా విడిగా చేస్తారట. చప్పిడి కూరలు, చప్పిడి సూపు, గుడ్డు తెల్లసొన. నీకు తీపి లేని పళ్ళు, ముడిబియ్యం అన్నం. అన్నీ అదే బల్ల దగ్గరికి తెచ్చిపెడతారు. నీ మందు వేళ కూడా చెప్పాను. కాబట్టి గది భోజనం ఊసెత్తకు. గదిలో కూర్చుని గోడ చూస్తూ తినడానికి ఇల్లు లేదా?

అక్క

*

మార్చి 3

అక్కా,

నువ్వు చెప్పిన ఎనిమిది మంది బల్ల గురించి చాలా ఆలోచించాను. నాకు నచ్చలేదు.

కొత్తవాళ్ళ మధ్య తినడం నాకు పడదు. ఇదివరకు ఇలా లేనుగా అంటావు. మనిషి మారతాడు. ఇల్లు కదలకుండా కూర్చున్నవాణ్ణి, ఒక్కసారిగా ఏడుగురి కళ్ళ ముందు కూర్చోమంటే ముద్ద దిగదు. పైగా నీకు ఒక పళ్ళెం, నాకు ఒక పళ్ళెం, మిగతా ఆరుగురికి వేరే. వాళ్ళంతా మనవైపే చూస్తారు. అందరి ముందూ నవ్వులపాలు కావడం ఎందుకు చెప్పు? గదిలో అయితే మన తిండి మనది, మన బాధ మనది.

ఓడలో గదికి తెచ్చిచ్చే ఏర్పాటు తప్పకుండా ఉంటుంది. ఏజెంటుని గట్టిగా అడుగు. అంటే నీ మామూలు గొంతుతో కాదు.

నాకు కోపమేం లేదు. కళ్ళజోడు ఇంకా రాలేదు.

తమ్ముడు

*

మార్చి 9

తమ్ముడికి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి అర్థం కాలేదు. రెండోసారి బాగా అర్థమైంది.

నా ఉప్పు లేని తిండికి నేను సిగ్గుపడటం లేదు. కందకు లేని దురద కత్తిపీటకెందుకట? అయినా సంగతి తిండి కాదు, నాకు తెలుసు. పోయినేడు నువ్వు వచ్చినప్పుడు స్టేషనుకి ఎదురుగా ఉన్న హోటలుకి వెళ్ళాం గుర్తుందా? నీ సూపు ముందొచ్చింది. నేను మెనూ కార్డు పట్టుకుని, ఉప్పు వెయ్యకుండా సూపు చేస్తారా అని సర్వరుని అడుగుతున్నాను. తలెత్తి చూస్తే హోటలంతా మన బల్ల వైపే చూస్తోంది. నువ్వేమో తల దించుకుని, తువ్వాలు గుండెలకి అడ్డం పెట్టుకుని, తింటున్నది వదిలేసి లేచిపోయావు. తలనొప్పి అన్నావు. నేనేం అడగలేదు. ఇంటికొచ్చి చాలాసేపు అద్దం ముందు కూర్చుని, నా గొంతు ఎంత పెద్దదో పెదాలు చూసి కొలుద్దామని ప్రయత్నించాను. అదెలా తెలుస్తుంది?

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోరు మంచిదే, కాస్త పెద్దది. ముప్ఫై ఏళ్ళు ఆ నోటికే నాకు జీతమిచ్చారు. ఇప్పుడది తగ్గించుకోవాలంటే ఎంత ఉందో నాకు వినపడాలి కదా. నీకు సిగ్గుగా ఉంటే అర్థం చేసుకోగలను.

అందుకని ఒక ఏర్పాటు చేశాను. హాల్లో రాత్రి భోజనం రెండు విడతలట. నీకు మొదటి విడత, నాకు రెండో విడత. నీ బల్ల వేరు, నా బల్ల వేరు. మనిద్దరం తోబుట్టువులమని ఎవరికీ చెప్పక్కర్లేదు. "గది ఒకటే, బల్లలు వేరా? పోట్లాడుకున్నారాండీ?" అని ఏజెంటు అడిగాడు. మా ఇంట్లో అంతే అన్నాను.

గదిలో తోడుగా మాత్రం ఉండు. గంట మోగితే లేపు. అంతకన్నా అడగను.

అక్క

*

మార్చి 10

అక్కా,

నాలుగు రోజులుగా నిద్ర సరిగా లేదు. బాగా ఆలోచించి చెబుతున్నాను. నువ్వు ఓడకి వెళ్ళు. నాతో కాదు. మీ పక్కింటి టీచరమ్మని తీసుకెళ్ళు. ఆవిడ ఓపికమంతురాలు, పిల్లలకి చెప్పినట్టు నిదానంగా మాట్లాడుతుంది, నీకు పెదాలు బాగా అందుతాయి. ఆవిడతో అయితే ఎనిమిది మంది బల్ల దగ్గర హాయిగా కూర్చోగలవు. నేనొస్తే నీ సరదా పాడవుతుంది.

తోడు అనేవాడు ఉపయోగపడాలి గాని బరువు కాకూడదు. నాలుగు ఫొటోలు తీసి పంపించు. ఓడ మీద అక్షరాలు దగ్గరగా తీయించు.

తమ్ముడు

*

మార్చి 17

తమ్ముడూ,

నా ఉత్తరానికి ఇదా నీ జవాబు?

పక్క బల్ల దగ్గర కూడా కాదు, వేరే విడతలో కూర్చుంటానన్నాను. అదీ చాల్లేదన్నమాట. ఒకే ఓడలో ఉండటం కూడా కుదరదన్నమాట. టీచరమ్మని తీసుకెళ్ళాలట! ఆవిడకి కుక్కనొదిలి వీధి మలుపు దాటడమే గగనం. అయినా నాకు కావలసింది ఓపికమంతురాలు కాదు. నాకు కావలసింది నువ్వు.

ఏడుపొచ్చింది. దాచడం దేనికి, ఏడ్చాను. చిన్నప్పుడు నువ్వు గోడల మీద బొగ్గుతో రాస్తే తన్నులు నేను తిన్నాను. మొదటి బోర్డు రాసినప్పుడు నిచ్చెన పట్టుకున్నది నేను. బావగారు పోయినప్పుడు నెల రోజులు నా వంటింట్లో కాఫీ కలిపింది నువ్వు. ఇంతలో ఏం మారింది? నా చెవులు. అంతేగా.

నెలాఖరున ఏజెంటు దగ్గరికి వెళ్ళి రెండు టిక్కెట్లూ రద్దు చేయిస్తాను. ప్రయాణికులు గమనించగలరు, మే నెలలో బయలుదేరవలసిన ఓడ రద్దు చేయబడినది. కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము. ఈ మాట ఎన్ని వేలసార్లు చదివానో. చింతిస్తూ చదవడం ఇదే మొదటిసారి.

అక్క

*

మార్చి 23

అక్కా,

ఏజెంటు దగ్గరికి వెళ్ళకు. ముందు ఇది చదువు.

నేను పదో తారీకున రాసింది నీ ఉత్తరానికి జవాబు కాదు. అప్పటికి నీది నాకు అందనేలేదు. నీదీ నాదీ దారిలో ఎదురుపడి, పలకరించుకోకుండా పోయాయి. నీది చేతికొచ్చాక నేను ఎవరితో ఏం చెప్పాలో తెలియక రోజుల తరబడి ఊరికే తిరిగాను. అప్పుడే నీ పదిహేడో తారీకు ఉత్తరం వచ్చింది.

కళ్ళజోడు బాగానే ఉంది. అది ఎప్పుడో వచ్చింది. నా చేతులు వణుకుతున్నాయి. రెండేళ్ళయింది. కుడిది ముందు, తర్వాత ఎడమది. నరాల డాక్టరు మందులిచ్చాడు. మందు పనిచేసే వేళ కాస్త నయం, మిగతా వేళ మళ్ళీ మామూలే. తగ్గేది కాదట, నెమ్మదిగా పెరిగేదట. ఫ్లెక్సీ బ్యానర్లొచ్చి నా పని పోయిందని అందరికీ చెప్పాను. అది సగం నిజం. ఆఖరున ఒక బేకరీ బోర్డు ఒప్పుకున్నాను. మొదటి అక్షరం తలకట్టే మూడుసార్లు చెరిపాను. నాలుగోసారి బేకరీ ఆయన మొహం పక్కకి తిప్పుకున్నాడు. ఇంక చాలనుకుని డబ్బాలు మూతలు పెట్టేశాను.

హోటలు సంగతి విను. నువ్వు మెనూ కార్డులో తలపెట్టి ఉన్నావు. నా చెంచా గిన్నె అంచుకి టకటకా కొట్టుకుంటోంది. ఆపుదామంటే ఆగదు. ఆపాలనుకునే కొద్దీ ఎక్కువైంది. హోటలంతా తిరిగి చూసింది ఆ చప్పుడుకి. పక్క బల్ల పిల్ల వేలెత్తి చూపిస్తే వాళ్ళమ్మ వేలు దించింది. అప్పుడు సూపంతా చొక్కా మీద పడింది. తువ్వాలు అడ్డం పెట్టుకుంది అందుకు. నీ గొంతు ఎవరూ పట్టించుకోలేదు అక్కా. నీకు ఆ చెంచా వినపడలేదు, అంతే.

నీ పక్కన సిగ్గుపడ్డది నిజమే. నీ గురించి కాదు, నా గురించి. నువ్వు ఎనిమిది మందితో కూర్చోవాలని అంత ముచ్చటపడుతుంటే, నేనొచ్చి ఆ బల్లని సూపుతో తడిపి, నీ సరదా చెడగొట్టడం ఇష్టం లేకపోయింది. అంతకన్నా ఏమీ లేదు.

ఇప్పుడు తెలిసిపోయింది. ఏం చెయ్యాలో నువ్వే చెప్పు.

నీ తమ్ముడు

(అమ్మగారూ, నేను టైపింగ్ షాపామెని. మధ్యలో కల్పించుకుంటున్నాను, ఏమనుకోవద్దు. చేతుల గురించిన ముక్క మొత్తం చెరిపెయ్యమని ఆయన రెండుసార్లు అన్నారు. చెరిపేశానని చెప్పాను. చెరపలేదు. కింద సంతకం ఆయనే పెట్టారు, అందుకే అలా ఉంది.)

*

మార్చి 28

ఒరేయ్ వెర్రి నాగన్నా,

ముందు షాపావిడకి నా నమస్కారాలు చెప్పు. ఆవిడకి ఓడ నుంచి ఏదైనా తేవాలి. గుర్తుపెట్టుకో.

రెండేళ్ళు! రెండేళ్ళు నాకు చెప్పకుండా ఉన్నావు! దగ్గరుంటే చెవి మెలిపెట్టేదాన్ని. ఉత్తరం చదివి కాసేపు ఏడ్చాను, తర్వాత నవ్వొచ్చింది, తర్వాత మళ్ళీ ఏడ్చాను. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, హోటలంతా నీ చెంచా వైపు చూస్తే నేను నా గొంతు తడుముకున్నాను. నువ్వేమో చెంచా చూసుకుని నా గొంతే వినలేదు. ఒకే బల్ల దగ్గర కూర్చుని ఎవరి సిగ్గు వాళ్ళం పడ్డాం. పైగా నీ ఉత్తరం నా ఉత్తరం ఎదురెదురుగా ఒకే పట్టా మీదికొచ్చాయి. నా హయాంలో అలా ఒక్కసారి కూడా జరగలేదు!

నీ సంతకం చూశాను. చాలాసేపు చూశాను. దాన్ని చెత్త సంతకమని నేను అనను. నీ ఇష్టమొచ్చినట్టు నువ్వు అనుకో.

టిక్కెట్లు రద్దు చేయించలేదు. నిన్న ఏజెంటు దగ్గరికి వెళ్ళి విడతలు కొట్టేయించాను. మూడు పూటలా భోజనం గదికే తెస్తారు. మూతున్న గిన్నెలు, పిడి ఉన్న కప్పులు అడిగాను. ఎందుకని అడిగితే నాకే కావాలన్నాను. నీ పేరు ఎత్తలేదు. ఎనిమిది మంది బల్ల వద్దు. నాకు దాని మీద మోజు ఉన్నమాట నిజం, అబద్ధమెందుకు చెప్పాలి? కానీ బల్ల ఎదురుగా నువ్వుంటే నాకు మిగతా ఆరుగురూ లేకపోయినా గడుస్తుంది. క్యాలెండరు కన్నా నువ్వు నయమే కదా.

మందులు ఇంకో వారానికి సరిపడా ఎక్కువ తెచ్చుకో. మెత్తటి చెప్పులు తెచ్చుకో. రేవులో బట్టతలాయన మన ఇద్దరినీ ఎక్కిస్తాడు.

నీ చెవిటి అక్క

*

మే 12, ఓడలో

అక్కా,

నీ దిండు మీద పెట్టిన ఈ కాగితాలు నేను రాసినవే. నువ్వు గురక పెడుతున్నావు, పిలిచినా వినపడదు కదా. ఇక్కడ టైపు చేసేవాళ్ళెవరూ లేరు. అందుకని నా చేత్తోనే రాస్తున్నాను. ఓపిగ్గా చదువు.

పొద్దున నువ్వు తల తిరుగుతోందని పడుకున్నావు. ఓడ డాక్టరు వచ్చి మాత్ర ఇచ్చాడు. ఏదైనా కడుపులో పడ్డాకే వేసుకోవాలని చెప్పి వెళ్ళాడు. గది భోజనం కోసం ఫోన్ చేశాను. కెరటాలు ఎక్కువగా ఉన్నాయి, ఈ పూట గదులకి పంపడం లేదు, హాలుకే రండి అన్నారు. నీ మొహం చూశాను. కాగితంలా తెల్లగా ఉంది. నాకు ఇంక వేరే దారి లేకపోయింది.

గోడ కమ్మీ పట్టుకుని వెళ్ళాను. హాల్లో పట్టుమని పదిమంది లేరు. వచ్చినవాళ్ళందరినీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెడుతున్నారు. అదే, గుండ్రటిది. నీ చప్పిడి జావ ఉడకడానికి కాస్త సమయం పడుతుంది, అప్పటిదాకా కూర్చోండి అని వడ్డించేవాడు కుర్చీ లాగాడు. కూర్చున్నాను. చేతులు ఒళ్ళో దాచుకున్నాను. ఒక పళ్ళ డాక్టరూ భార్యా, ఒక వంతెనల ఇంజనీరు, అల్లిక సంచీతో ఒక పెద్దావిడ, ఇంకో ఇద్దరు అన్నదమ్ములు. నాతో ఏడుగురు. ఒక కుర్చీ ఖాళీ.

సూపు వచ్చింది. ఓడ ఒక్కసారి ఇటు వాలింది. పళ్ళ డాక్టరు చెంచా గిన్నెకి టకటకా కొట్టుకుంది. ఆయన భార్యది కూడా. ఇంజనీరు సూపు ఒళ్ళో పోసుకున్నాడు. అక్కా, హాలంతా చెంచాల మోత! నాకు ఒక్క క్షణం అవన్నీ నా చెంచాలేననిపించింది. నీకు వినిపిస్తే ఎంత బాగుండేదో.

వాళ్ళ అవస్థ చూడలేక నోరు విప్పాను. తడి తువ్వాలు పరిచి గిన్నె దాని మీద పెట్టండి, జారదు అన్నాను. చెంచా వదిలేసి సూపు కప్పులో పోయించుకోండి, సగమే పొయ్యమనండి, మోచేతులు బల్లకి ఆనించండి, రెండు చేతులా పట్టుకోండి, కప్పుని మూతి దగ్గరికి తేవద్దు, మూతినే కప్పు దగ్గరికి తీసుకెళ్ళండి అన్నాను. చేసి చూపించాను. చేతులు ఒళ్ళోంచి ఎప్పుడు బయటికొచ్చాయో నాకే తెలియదు.

"ఓడల్లో పనిచేశారాండీ?" అని అడిగింది అల్లిక పెద్దావిడ.

"లేదండీ. బోర్డులు రాసేవాణ్ణి. చేతులు వణికే జబ్బు."

ఆ మాట కొత్తవాళ్ళకి చెప్పడం ఇదే మొదటిసారి. ఎవరైనా ఏమైనా అంటారేమోనని చూశాను. "అయ్యో, మీకు రోజూ ఇంతేనా? మాకు ఒక్క పూటకే చుక్కలు కనబడుతున్నాయి" అన్నాడు ఇంజనీరు, ప్యాంటు తుడుచుకుంటూ. తర్వాత ఎవరి కప్పు వాళ్ళు చూసుకున్నారు. నా చేతుల వైపు చూసే తీరిక ఎవరికీ లేదు.

కడుపునిండా తిన్నాను. ఖాళీ కుర్చీ ఎవరిదని అడిగారు. మా అక్కదని చెప్పాను. ముప్ఫై ఏళ్ళు స్టేషన్లో రైళ్ళు పిలిచిందని చెప్పాను. పెద్దావిడకి ఒక చెవి పూర్తిగా పోయిందట, రెండోది సగమట. "గట్టిగా మాట్లాడే మనిషి దొరికితే ఎంత సుఖమో" అన్నది.

మొన్నటి నుంచీ చూస్తున్నాను. గదికి భోజనం తెచ్చినవాడిని నువ్వు ప్రతిసారీ హాలు గురించి అడుగుతున్నావు. ఎంతమంది వస్తారు, ఏ రంగు బల్లబట్టలు, ఇలాంటివి. నేను కిటికీ వైపు చూస్తున్నట్టు నటించాను.

నీ జావ మూతగిన్నెలో ఉంది, బల్ల మీద. ఒక్క చుక్క ఒలకలేదు. మూత ఉంది కాబట్టి ఒలకలేదు, నా గొప్పేం లేదు. తాగాక మాత్ర వేసుకో.

చదవడానికి కష్టపడ్డావని తెలుసు. ఈ వంకర అక్షరాలన్నీ నావే అనుకోకు. సగం ఓడవి. ఏవి ఓడవో ఏవి నావో, జన్మంతా అక్షరాలు రాసినవాణ్ణి, నేనే చెప్పలేకపోతున్నాను.

తమ్ముడు

*

అదే రోజు, నీ ఉత్తరం వెనకే రాస్తున్నాను

తమ్ముడూ,

లేచాను. నువ్వు కుర్చీలో నిద్రపోతున్నావు. పెన్ను ఇంకా చేతిలోనే ఉంది.

జావ తాగాను. చప్పగా ఉంది, మా డాక్టరు చూస్తే మురిసిపోతాడు. మాత్ర వేసుకున్నాను. తల తిరగడం తగ్గింది. నీ ఉత్తరం ప్రతి అక్షరం చదివాను, ఒక్కటి కూడా తప్పిపోలేదు. అచ్చు కాగితాలన్నీ కలిపినా దీనికి సరిరావు. ఇంటికి తీసుకెళ్ళి దాచుకుంటాను.

గిన్నెలు తీసుకెళ్ళడానికి వచ్చిన అబ్బాయి సముద్రం సర్దుకుందని అరచెయ్యి బల్లపరుపుగా పెట్టి చూపించాడు. కిటికీలోంచి చూశాను, నిజమే. ఈ రాత్రి ఎవరి చెంచా మోగదు, నీది తప్ప. ఇదే వంకతో నువ్వు మళ్ళీ గది భోజనం అంటావని నాకు తెలుసు. అందుకే నువ్వు లేచేలోపు రాసి పెడుతున్నాను.

ప్రయాణికులు గమనించగలరు. ఏడు గంటలకి మనం ఎనిమిది మంది బల్ల దగ్గరికి వెళ్తున్నాం. ఆ ఖాళీ కుర్చీ నాది. నువ్వు చెంచా మోగించు, నేను గొంతు మోగిస్తాను. దేని వైపు చూడాలో వాళ్ళే తేల్చుకుంటారు.

అక్క